కందిరీగ పేరు - ఇద్దరు సాక్షులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



నేను శాస్త్రజ్ఞుడను కాను. మన సహకార సంఘములో ముప్పదేండ్లుగా జమాఖర్చులు వ్రాయుచున్న లెక్కలవాడను. మా తండ్రిగారు 1984లో కరణపు ఉద్యోగములు రద్దగువరకు ఈ గ్రామమునకు కరణముగా నుండిరి. కనుక అంకెలు మాయింట వారసత్వముగా వచ్చినవి. సాహిత్యము మాత్రము ఈ గ్రంథాలయము పెట్టిన భిక్ష. గురువు లేక, బడి లేక, సంఘము తలుపులు మూసిన పిమ్మట ఈ బల్లల యొద్ద కూర్చుండి భారత భాగవతములు చదివికొంటిని. అర్థము కాని పద్యమునకు నిఘంటువే నాకు గురువు. అందుచేత కార్యదర్శిగారు నన్ను ప్రబంధములను గూర్చి మాటలాడుమని కోరిరి. నేను వారి యనుమతి వేడి పురుగులను గూర్చి మాటలాడ బూనితిని. ఇందుకు కారణము 2019వ సంవత్సరము సార్వాలో నేను నా చేతితో వ్రాసిన యొక పద్దు. ఆ పద్దు సంగతి కొంచెము తరువాత మనవి చేసెదను. ముందుగా మనకు తెలిసిన పురాణముతో మొదలుపెట్టుట సుఖము.

భ్రమరకీట న్యాయము మీలో పెక్కురెఱుగుదురు. కందిరీగ యొక పురుగును పట్టి తెచ్చి మట్టిగూటిలో నుంచి, దాని చుట్టును ఝంకారము చేయుచు తిరుగుననియు, పురుగు భయముచే ఆ కందిరీగనే తలచి తలచి కడకు తానును కందిరీగయై వెలువడుననియు మన పెద్దలు చెప్పుదురు. భాగవతము సప్తమ స్కంధమునందును, ఏకాదశ స్కంధమునందును ఈ దృష్టాంతము కలదు. ఏకాగ్రమైన తలపు ఎట్టిదో చెప్పుటకు వేదాంతులు దీనిని వాడుకొనిరి. దృష్టాంతముగా ఇది చక్కనిది. దానిని ఆక్షేపించుట నా యుద్దేశము కాదు. కాని మీ యింటి దూలమునకు కందిరీగ కట్టిన మట్టిగూటిని పగులగొట్టి చూడుడు. లోపల చచ్చీ చావని పచ్చపురుగులు కొన్ని యుండును. వాని ప్రక్కను తెల్లని, కాళ్ళు లేని మఱియొక పిల్ల యుండును. కందిరీగ పురుగును కుట్టి, కదలకుండునట్లు చేసి, తన పిల్లకు ఆహారముగా పెట్టినది. వెలువడినది కందిరీగ పిల్లయే, పురుగు భోజనమైనది. చీనావారికిని ఇట్టి నమ్మకమే యుండెడిది. కందిరీగ పురుగును దత్తు చేసికొని పెంచునని వారి ప్రాచీన కావ్యవ్యాఖ్యలు చెప్పుటచే, వారి భాషలో దత్తపుత్రునికి ఆ పురుగు పేరే వాడుకయైనది. క్రీస్తుశకము 5, 6 శతాబ్దుల నడుమ జీవించిన తావో హొంగ్‌జింగ్ అను వైద్యపండితుడు గూళ్ళు స్వయముగా పరిశీలించి, అది దత్తత కాదు, వంటయిల్లు అని తేల్చెను. పుస్తకమును ప్రేమించినవాడే గూటిని పగులగొట్టి చూచినాడు. అందుకే ఆయనయందు నాకు మిక్కిలి గౌరవము.

గూడు కట్టు కందిరీగలు కొంచెము నాగరికమైనవి. వాని జ్ఞాతులలో గూడు కట్టు శ్రమ కూడ పడనివి వేలకొలది జాతులు కలవు. అవి బ్రతికియున్న పురుగు మీదనో, లోపలనో, లేక పురుగు గ్రుడ్డులోనో తమ గ్రుడ్డు పెట్టిపోవును. పిల్ల లోపల తిని పెరిగి, ఆశ్రయమిచ్చిన దానిని చంపి వెలువడును. మామిడిచెట్టు మీది బదనిక చెట్టును పీల్చును గాని సాధారణముగా వెంటనే చంపదు. పేను మనలను చంపదు. ఇవి తప్పక చంపును. కనుక వీనిని వట్టి పరాన్నజీవులనక, పరాన్నభుక్కులని వ్యవసాయశాస్త్రజ్ఞులు వేఱుగా పిలుచుచున్నారు. పాశ్చాత్యులు 1913లో రాయిటర్ అను పండితుడు కూర్చిన వేఱు పేరును వాడుచున్నారు. రైతునకు ఇవి మిత్రములు. మన యూరివారు వీనిని ముద్దుగా బదనికలనియే పిలుచుచున్నారు. నేనును రెండు మాటలు వాడెదను.

ఇక నా పద్దు.

2019 సార్వాలో మన పొలములలో కాండము తొలుచు పురుగు హెచ్చుగా కనబడినది. తెల్లకంకులు విరివిగా వచ్చునేమోయని అందఱును భయపడిరి. మందు మీద మందు కొట్టి విసిగిన కొందఱు రైతులు బదనికల అట్టలు తెప్పింపుడని సంఘమును కోరిరి. ట్రైకోకార్డులని వాని పేరు. తపాలాకార్డు వంటి అట్ట మీద బియ్యపు చిలుకపురుగు గ్రుడ్లను జిగురుతో అంటింతురు. ట్రైకోగ్రామా యను అతిసూక్ష్మమైన కందిరీగ ఆ గ్రుడ్లలో తన గ్రుడ్లు పెట్టును. మూడు నాలుగు దినములకు అవి నల్లబడును. ఒక్క అట్ట మీద సుమారు 20,000 గ్రుడ్లుండును. అట్టను ముక్కలు చేసి పైరులో ఆకుల క్రింద కట్టినచో, ఏడెనిమిది దినముల వయస్సున కందిరీగలు వెలువడి, తెగులు పురుగు గ్రుడ్లను వెదకి వానిలో తమ సంతానము నుంచును. గ్రుడ్డులోనే పని తీఱిపోవును గనుక పురుగు పుట్టనే పుట్టదు.

ట్రైకోగ్రామాలో ఒక్క జాతి కాదు, అనేక జాతులు కలవు. చెఱకు పీకపురుగునకును, వరి ఆకుముడత పురుగునకును కిలోనిస్ అను జాతిని వాడుదురు. వరి కాండము తొలుచు పురుగు తన గ్రుడ్ల ముద్దను నూగుతో కప్పిపెట్టును. దానికి జపానికమ్ అను జాతిని వాడవలెనని శాస్త్రజ్ఞుల సలహా. మేము జపానికమ్ కోరి వ్రాసితిమి. అట్టలు వచ్చినవి. అట్టల మీద జపానికమ్ అని ముద్ర యున్నది. బిల్లు మీదను అట్లే యున్నది. నేను నిలువపుస్తకములో "ట్రైకోగ్రామా జపానికమ్ అట్టలు, సరి చూచి తీసికొనడమైనది" అని వ్రాసి, సంతకము చేసి, సొమ్ము చెల్లించితిని. ఎరువు బస్తా వచ్చినచో తూచుదును. విత్తనము వచ్చినచో గుప్పెడు తీసి మొలక చూచుదును. ఇచ్చట నేను సరి చూచినది ముద్రనే కాని పురుగును కాదు. ఆ పంటకాలమున అట్టలు కట్టిన పొలములకును, కట్టని పొలములకును తెల్లకంకులలో భేదము కనబడలేదు.

ఎండ వలననో, వాన వలననో, మేము కట్టిన దినము తప్పుటవలననో అట్లయియుండవచ్చును. దీనికి కారణములు పెక్కులుండును. కాని నాకు మనస్సు నిలువలేదు. ఒక యట్ట మిగిలి సంఘము బీరువాలోని రేకుడబ్బీలో పడియుండెను. సంక్రాంతికి మా మేనకోడలు వచ్చినది. ఆమె బాపట్లలో కీటకశాస్త్రము చదివినది. డబ్బీ మూత తీసి చూపితిని. అడుగున నల్లని దుమ్ము. "దుమ్ము కాదు మామయ్యా, అవే కందిరీగలు" అన్నది. అర మిల్లీమీటరు పొడుగైన ప్రాణికి రెక్కలు, కన్నులు, మీసములు, ఆఱు కాళ్ళు, గ్రుడ్డు పెట్టు సూది - ఇన్ని అవయవములు! నా భూతద్దములో అవి ఆవగింజ పగిలిన ముక్కలవలె మాత్రమే కనబడినవి.

తరువాత ఆమె పనిచేయు చోటికి నన్ను పిలిచి సూక్ష్మదర్శిని క్రింద చూపినది. అచ్చట నేను నేర్చికొన్న కొద్దిపాటిని మీకు చెప్పెదను. కందిరీగ జాతిని రూపమును బట్టి చదువుట యనగా తెలుగులో ఛందస్సును గుర్తించుట వంటిదే. పద్యము వినగానే ఉత్పలమాలయో చంపకమాలయో చెప్పువాడు గణములు లెక్కించుచున్నాడు. లెక్క పైకి కనబడదు, అంతే. కీటకజ్ఞుడును అట్లే లెక్కించును. ముందు రెక్కలోని నరములు చూచును. ఇక్న్యూమోనిడ్లు, బ్రాకోనిడ్లు అని రెండు పెద్దకుటుంబములు కలవు; ఒక్కొక్క దానిలో పేరు పెట్టిన జాతులే 20,000కు పైగా నున్నవి. ముందు రెక్క వెలుపలి భాగమున ఒకానొక అడ్డునరము ఇక్న్యూమోనిడ్లకు సాధారణముగా నుండును, బ్రాకోనిడ్లకు ఉండదు. ఒక్క నరముతో 40,000 జాతులు రెండు పాళ్ళుగా విడిపోవును! బ్రాకోనిడ్లలో గొంగళిపురుగులను తిను మైక్రోగాస్టర్ వర్గమువానికి మీసమున సరిగా 18 కణుపులుండును. నావంటి లెక్కలవానికి ఇంతకన్న సంతోషమేమి కావలెను? ఇక ట్రైకోగ్రామా కుటుంబము వానికి పాదమున మూడే కణుపులు. అది చూడగానే కుటుంబము తెలియును.

కుటుంబము తెలియుట సులభము. జాతి తెలియుటయే కష్టము. వరపట్టిక చూచి వంశము చెప్పవచ్చును గాని, కవలలలో రాముడెవరో లక్ష్మణుడెవరో తల్లియే చెప్పవలెను. ట్రైకోగ్రామా రంగు చూచి చెప్పుదమన్నచో, అదే జాతి చలికి పెరిగినప్పుడు నల్లగాను, వేడికి పెరిగినప్పుడు పచ్చగాను తేలును. పరిమాణము చూచి చెప్పుదమన్నచో, పెద్ద గ్రుడ్డులో పెరిగినది పెద్దది, చిన్న గ్రుడ్డులో పెరిగినది చిన్నది. ఈ చిక్కు వలననే మన దేశమున సర్వత్ర కనబడు ట్రైకోగ్రామాను బహుకాలము ఎవానెసెన్స్ అనియు, మినూటమ్ అనియు, ఆస్ట్రేలికమ్ అనియు, ఎవరికి తోచిన విదేశీనామముతో వారు వ్రాసిరి. ఒకరి ప్రయోగఫలము మఱియొకరికి పనికిరాకపోయెను. పేరొకటియే యైనను పురుగొకటి కాదు, పురుగొకటియే యైనను పేరొకటి కాదు.

ఈ ముడిని విప్పినవారు బెంగుళూరున పనిచేసిన ఇద్దరు భారతీయులు: సుధా నాగర్‌కట్టి, హెచ్. నాగరాజ. 1971లో వారు ప్రకటించిన పరిశోధన సారము ఇది: ట్రైకోగ్రామా జాతులను నిర్ణయించుటకు మగపురుగు జననావయవ నిర్మాణమే నమ్మదగిన గుర్తు. సభలో ఈ మాట చెప్పవలసివచ్చినందుకు పెద్దలు క్షమింతురుగాక. శాస్త్రమునకు సిగ్గు లేదు. పురుగును క్షారములో ఉంచి కండ కరగించి, గాజుపలక మీద పరచి, అతిసూక్ష్మమైన ఆ అవయవము మీది రేకు ఏ యాకారమున నున్నది, ప్రక్కల చెవులున్నవా లేవా, కొన ఎంతవరకు పోయినది అని చూడవలెను. వేడి, చలి, తిండి మారినను ఆ రేకు ఆకారము మారదు. ఇట్లు చూచుటచే మన దేశపు సామాన్యజాతి, జపానున ఇషీ యను పండితుడు 1941లో వర్ణించిన కిలోనిస్ అని కడకు తేలినది. దశాబ్దములుగా మన పొలములలో పనిచేసిన పనివానికి సరియైన పేరు అప్పుడు హాజరుపట్టీకెక్కినది.

పేరుతో ఏమి పని, పురుగును తినినచో చాలదా యని ఒక రైతు నన్నడిగెను. న్యాయమైన ప్రశ్న. దానికి నేనిచ్చు జవాబు కాలిఫోర్నియా నిమ్మతోటల కథ. అచ్చటి నారింజ, నిమ్మ తోటలకు ఎఱ్ఱ పొలుసుపురుగు పట్టి పీడించినది. దాని సొంతదేశము ప్రాచ్యఖండము. పొలుసు క్రింద దూరి దానిని తిను ఏఫైటిస్ అను పచ్చని చిన్నికందిరీగ యొకటి కాలిఫోర్నియాలో అదివఱకే యున్నది. దాని పేరు క్రిసోంఫాలి. అది తోటలను కాపాడ చాలకుండెను. మంచి మిత్రకీటకములను వెదకుటకు శతాబ్ది తొలిదినములనుండి దూతలు తూర్పుదేశములకు పోయిరి. చీనాలో, మఱి యితర దేశములలో పొలుసుపురుగు మీద పచ్చని చిన్నికందిరీగలు వారికి కనబడుచునే యున్నవి. "ఇది మనయొద్ద నున్న క్రిసోంఫాలియే కదా, దీనిని మోసికొనిపోవుట ఎందులకు?" అని విడిచిపెట్టిరి. వారు తెచ్చుటకు పోయినది వారి కన్నుల ముందే యుండగా వట్టిచేతులతో తిరిగివచ్చిరి! సుమారు అర్ధశతాబ్దము ఇట్లు గడిచిన పిమ్మట అవి వేఱువేఱు జాతులని తేలెను. 1940ల చివర దక్షిణచీనా నుండి లింగ్నానెన్సిస్ అను జాతిని తెచ్చిరి. 1955లో హెరాల్డ్ కంపీర్ ఏఫైటిస్ జాతులన్నిటిని పరిశీలించి గ్రంథము వ్రాసెను. 1956-57లో భారత పాకిస్థాన్ దేశముల నుండి మఱియొక జాతిని కొనిపోయిరి. దానికి 1959లో పాల్ డిబాక్ మెలినస్ అని పేరు పెట్టెను. కాలిఫోర్నియా లోపలి ప్రాంతముల తోటలలో పొలుసుపురుగును అణచినది మన ప్రాంతమునుండి పోయిన ఈ మెలినస్సే. ఒక్క తప్పుడు పేరు ఏబదియేండ్లు తలుపు మూసి యుంచినది. మన పద్దులో తప్పు పడినచో ఆడిటరు మూడవయేట పట్టును. ప్రకృతి పద్దులో తప్పు పడినచో పట్టువాడు పుట్టవలెను.

ఇంతవరకు చెప్పినది రూపసాక్ష్యము. ఇప్పుడు రెండవ సాక్షిని పిలిచెదను.

అంగడిలో సబ్బుబిళ్ళ మీద నల్లగీతల బార్‌కోడు మీరందఱు చూచినదే. కనడా దేశమున గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయములోని పాల్ హెబర్ట్ అను ఆచార్యుడు ప్రాణులకును అట్టి గుర్తు ప్రకృతియే వ్రాసిపెట్టినదని 2003లో ప్రతిపాదించెను. ప్రతి ప్రాణికణములోను డి.ఎన్.ఎ. అను లిపి కలదు. ఆ లిపికి అక్షరములు నాలుగే: ఎ, సి, జి, టి. మన వర్ణమాలలో ఏబదియాఱుండగా నాలుగింటితో ఏమి వ్రాయవచ్చునని సందేహింపవలదు. గురువు, లఘువు అను రెండింటితోనే మనవారు ఇంత ఛందస్సును కట్టిరి కదా! కణములో శక్తిని పుట్టించు మైటోకాండ్రియా యను భాగమునకు సొంతలిపి కొంత కలదు. అందులో సి.ఓ.ఐ. యను జన్యువు నుండి సుమారు 658 అక్షరముల ముక్కను చదివినచో, పెక్కు జంతుజాతులను వేఱుపఱుపవచ్చునని హెబర్ట్ మతము. ఒకే జాతివానిలో ఈ ముక్క దాదాపు ఒకే తీరుగా నుండును. జాతి మారినచో అక్షరములు కొన్ని మారును. కందిరీగ కాలు ఒకటి తీసికొని, దానిలోని లిపిని వేఱుచేసి, కావలసిన ముక్కను యంత్రమున కోట్ల ప్రతులుగా పెంచి, అక్షరక్రమమును చదువుదురు. ట్రైకోగ్రామావంటి అణువునకు కాలు తీసినచో చాలదు; పురుగునంతయు ద్రావకములో నానవేసి, లిపిని రాబట్టి, పైతొడుగును పాడుచేయక మరల గాజుపలక మీద నిలుపు పద్ధతియు కలదు.

అక్షరములు చదివినంత మాత్రాన పేరు రాదు. ఈ సభలో ఇది ముఖ్యముగా చెప్పదగినది. 658 అక్షరముల వరుస మీ చేతిలో నున్నను అది ఎవరిదో చెప్పుటకు, ఇదివఱకు పేరు తెలిసిన పురుగుల వరుసలను భద్రపఱచిన గ్రంథాలయము కావలెను. గ్వెల్ఫ్ నగరమున అట్టి గ్రంథాలయమును నిజముగానే నెలకొల్పిరి. బోల్డ్ అని దాని పేరు. గ్రంథాలయము లేనిచో బార్‌కోడు, చిరునామా లేని ఉత్తరము. మఱి ఆ గ్రంథాలయములో తొలిపుస్తకములకు పేర్లు వ్రాసినదెవరు? నరములు లెక్కించి, రేకులు కొలిచిన ఆ పాతకాలపు రూపజ్ఞులే.

ఈ రెండు విద్యలు కలిసినప్పుడు ఏమి జరుగునో కోస్టారికా యను చిన్నదేశము చూపినది. ఆ దేశపు వాయవ్యభాగమున గ్వానకాస్తె యను రక్షితారణ్యము కలదు. డేనియల్ జాన్‌జెన్, వినిఫ్రెడ్ హాల్‌వాక్స్ అను దంపతులు 1978 నుండి అచ్చట గొంగళిపురుగులను ఏరించి, సంచులలో అవి తిను ఆకు పెట్టి పెంచి, సీతాకోకచిలుక వచ్చినదా, కందిరీగ వచ్చినదా అని దినచర్య వ్రాయించుచు వచ్చిరి. ఈ పని చేసినవారిలో అధికులు చుట్టుప్రక్కల పల్లెలవారు, పట్టములు లేనివారు. చేతిపనితోను, చిట్టాతోను వారు నేర్చికొన్నారు. 2014లో అచ్చటి ఏపాంటిలిస్ అను ప్రజాతినుండి 186 క్రొత్తజాతులను వర్ణించినప్పుడు పెక్కింటికి ఈ పల్లెవారి పేర్లే పెట్టిరి. రాజులు శాసనములందు నిలిచినట్లు వీరు కందిరీగలయందు నిలిచిరి. నాకు ఈ సంగతి చదివినప్పుడు కన్నులు చెమర్చినవి.

2008లో ప్రకటింపబడిన వారి లెక్క నావంటివాని నిద్ర చెఱచునట్టిది. ఆఱు ప్రజాతులకు చెందిన 2,597 కందిరీగలను పరీక్షించిరి. ఆరితేఱిన రూపజ్ఞులు వానిని చూచి 171 జాతులనిరి. బార్‌కోడు చదువగా మఱి 142 జాతులు వాని చాటున దాగియున్నట్లు తోచినది, మొత్తము 313. ల్యూకోస్టిగ్మస్ అని ఒక్క పేరుతో పిలిచిన కందిరీగ 36 తాత్కాలిక జాతులుగా విడిపోయెను. మొదట ఎవరును నమ్మరు. అక్షరములలో తప్పేమో, యంత్రము పిచ్చిదేమో యనుకొందురు. అప్పుడు పల్లెవారి చిట్టాలు తీసి చూచిరి. ఒక్కొక్క సంకేతవర్గము ఒకటి రెండు జాతుల గొంగళిపురుగులనుండియే వచ్చుచున్నది! సర్వభక్షకుడనుకొన్నవాడు నిజముగా 36 గుఱు నియమనిష్ఠాపరులు. ఒక్కొక్కరిది ఒక్కొక్క పంక్తి. పిమ్మట రూపజ్ఞులు మరల చూచినప్పుడు, అదివఱకు కన్ను జాఱిపోయిన చిన్నభేదములు పెక్కింట కనబడినవి. అక్షరము వ్రేలు చూపినది, కన్ను చూచినది, చిట్టా ఔనన్నది.

అయినను రెండవ సాక్షి యబద్ధమాడడని తలపవలదు. కందిరీగ శరీరమున దాని భోజనపు శేషముండును. యంత్రము ఒక్కొకప్పుడు గొంగళిపురుగు అక్షరములను చదివి చేతికిచ్చును. కందిరీగ కణములలో వోల్బాకియా యను సూక్ష్మజీవి కాపురముండును; ఒక్కొకప్పుడు దాని అక్షరములే వచ్చును. క్రొత్తగా విడిపోయిన రెండు జాతులకు అక్షరములు ఒక్కటిగానే యుండవచ్చును. గ్రంథాలయములో ఎవడైన తప్పుపేరుతో తొలిప్రతి నుంచినచో, తరువాత వచ్చిన ప్రతివానికి ఆ తప్పే సరియగును. మన పుస్తకములకు అట్టలు మార్చి కుట్టినప్పుడు ఏమగునో మన గ్రంథపాలకునికి తెలియును. ట్రైకోగ్రామాకు సి.ఓ.ఐ. కన్న ఐ.టి.ఎస్.-2 అను వేఱుముక్కను శాస్త్రజ్ఞులు ఎక్కువగా వాడుచున్నారు.

మఱి మొదటి సాక్షికి సాధ్యము కానిచోట రెండవదే దిక్కగుటయు కలదు. వోల్బాకియా చేరిన కొన్ని ట్రైకోగ్రామా సంతతులలో మగవి పుట్టవు. ఆడవి మగతోడు లేకయే ఆడపిల్లలను కనును. ఔషధముతో ఆ సూక్ష్మజీవిని చంపినచో మరల మగవి పుట్టునని స్టౌతమర్ మొదలగువారు 1990లో చూపిరి. మగది లేనిచో నాగర్‌కట్టి నాగరాజుల గుర్తు దేనిమీద చూడవలెను? అప్పుడు అక్షరములే చెప్పవలెను.

2021లో ఒక వివాదము పుట్టినది. షార్కీ మొదలగువారు కోస్టారికా బ్రాకోనిడ్లలో 403 క్రొత్తజాతులను, బార్‌కోడును, ఛాయాచిత్రమును ముఖ్యాధారముగా చేసి, రూపవర్ణనను మిక్కిలి కుదించి ప్రకటించిరి. ఈ వేగమున పోనిచో అడవులు నశించులోపల పేర్లు పెట్టుట ముగియదని వారి వాదము. యంత్రము లేనివానికి ఈ పేర్లు మూసిన పుస్తకములు కావా యని ఇతరుల యాక్షేపము. నేను తీర్పు చెప్పదగినవాడను కాను గాని, నా పక్షము దాచను. వారి తొందర నాకు అర్థమైనది. ఎంత లెక్క మిగిలియున్నదో చూచినవాడు తొందరపడకుండలేడు. కాని మన పల్లెలో భూతద్దముతో కూర్చున్నవానికి ఒక్క గుర్తైనను చెప్పని పేరు, నా దృష్టిలో సగము పేరే.

ఇక డబ్బీ సంగతి. మా మేనకోడలు ఆ నల్లదుమ్ములోనుండి మీసములకు పొడుగువెండ్రుకలు గల మగవానిని ఏరి, తొమ్మిదింటిని పలకల మీద నిలిపినది. తొమ్మిదింటికిని ఆ రేకు కిలోనిస్ రేకే. జపానికమ్ ఒక్కటియు లేదు. రెండవ సాక్షిని అడుగుదమనుకొంటిమి. కాని నెలలు రేకుడబ్బీలో వేడికి ఎండిన పురుగులలో లిపి ముక్కలై చదువరాకపోయినది. పైగా డబ్బీలోనిది ఒక్క యట్ట. పొలములకు పోయిన మిగిలిన అట్టలలో ఏమున్నదో చెప్పుటకు ఋజువు మిగులలేదు. అట్టలు పంపినవారికి ఉత్తరము వ్రాసితిని. జవాబు రాలేదు. వారిని దూషించుటకు నేనిచ్చటికి రాలేదు. ఇతర దేశముల కీటకశాలలలో ప్రతి పేరునకు ఆధారముగా భద్రపఱచిన పురుగును ఇంగ్లీషులో ఓచరు అనియే పిలుతురట. ముప్పదేండ్లు ఓచరు లేక పైసా చెల్లింపనివాడను, ఆ దినమున ఓచరు లేని పేరును పుస్తకమున వ్రాసితిని. ఆ పద్దు ఎదుట ఎఱ్ఱసిరాతో "జాతి సరి చూడబడలేదు" అని వ్రాసి తేదీ వేసితిని. పుస్తకము సంఘములో నున్నది, ఎవరైన చూడవచ్చును.

అప్పటినుండి ఒక చిన్న యేర్పాటు చేసితిమి. అట్టలు వచ్చినప్పుడెల్ల, ప్రతి కట్టనుండి ఒక అట్టమూల గోరంత కత్తిరించి మూతగల గాజుసీసాలో ఉంచుచున్నాము. కందిరీగలు వెలువడిన పిమ్మట వానిపై గాఢమైన ఆల్కహాలు పోయుదుము. ఫార్మలిను పోసినచో లిపి చెడునని మేనకోడలి హెచ్చరిక. లోపల పెన్సిలుతో వ్రాసిన చీటీ: వచ్చిన తేదీ, కట్టసంఖ్య, బిల్లుసంఖ్య, కట్టిన పొలముల సర్వే నంబర్లు. సంఘము బీరువాలో ఎండ తగులుచున్నదని గ్రంథాలయమువారు తూర్పుగదిలోని క్రింది అరను దయతో ఇచ్చిరి. దానికి చేర్పుపుస్తకము వేఱుగా తెఱచిరి. నిన్నటికి పదునాలుగు సీసాలున్నవి. వానిలో ఆఱింటిని మేనకోడలు పలకల మీద చూచి పేరు వ్రాసినది. అయిదు, బిల్లు మీది పేరుతో సరిపోయినవి. ఆఱవదానిలో మగవి దొరకలేదు. దానిని అక్షరములు చదివించుటకు వచ్చు వారమున పంపుచున్నాము. సభానంతరము చూడగోరువారు తూర్పుగదికి రావచ్చును. భూతద్దము నా జేబులో నున్నది.

సెలవు.